గుండ్లకమ్మ ఏటికి కూడా నీటి వాటా అడగాలా, వద్దా?

చెలమనీళ్ళు (మద్దిపాడు వైపు)
ఏటి ఒడ్డు ఊళ్ళవాళ్ళం కలిసి సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరు గారికి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా కృష్ణా నీళ్ళు నల్లమల సాగర్ రిజర్వాయరులో నిండాక, అందులో కొంత గుండ్లకమ్మలోకి వదలాలి. కాలవలకే కాదు, ఏటికీ వాటా రాయాలి. నా చిన్నప్పుడు నడివేసవిలో కూడా ఇసకలో మోచేతి లోతు చెలమ తీస్తే నీళ్ళు ఊరేవి. మా అమ్మ ముంతతో తోడి బిందె నింపేది. ఇప్పుడు ఒడ్డున ఉన్న బోర్లే ఆగిపోతున్నాయి. మీ మాట చెప్పండి.

బత్తాయితోట (మార్కాపురం వైపు)
గుండ్లకమ్మ జీవనది కాదండీ. నల్లమలలో వాన పడితే పారుతుంది, లేకపోతే లేదు. ఏడాది పొడుగునా పారేదైతే విజయనగర రాజుల కాలంలో దానికి అడ్డంగా కంభం చెరువు కట్టే అవసరమే ఉండేది కాదు. ఎప్పుడూ లేని ప్రవాహాన్ని తిరిగి తెస్తాం అంటే ఎట్లా?

అద్దంకి అబ్బాయి
నేను సంతకం పెడతాను అన్నా.

చెలమనీళ్ళు
బత్తాయితోట గారూ, జీవనది అని నేను ఎక్కడా రాయలేదు. పైకి పారకపోయినా ఇసక కింద తడి ఉండేది. వాన నీళ్ళని ఇసక పట్టి ఉంచి, నెలల తరబడి మెల్లగా వదిలేది. దాన్ని జల్లిమట్టి కనపడేదాకా తవ్వి లారీల్లో తోలేశారు. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకని వాల్టా చట్టం వచ్చినా మా రేవులో తవ్వకం ఆగలేదు. ఇంక మన ఏటి మీదున్న మల్లవరం రిజర్వాయరు సంగతి. 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబరు తుపానులో ఇంకొకటి. పట్టి ఉంచుకున్న నీళ్ళు కళ్ళముందే సముద్రం పాలయ్యాయి. ఆ రాత్రి కట్ట మీద నిలబడి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏడుపొచ్చింది.

బత్తాయితోట
గేట్లు వేరు, ఇసక వేరు. నేనడిగింది జీవనదా కాదా అని. కంభం చెరువుకి 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. మన పెద్దలు నీళ్ళని ఆపడం నేర్పారు గాని ఏట్లో వదలడం నేర్పలేదు. నేను ఏడు బోర్లు వేశాను, ఆరు ఎండాయి. రెండు వేసవులు ట్యాంకర్లతో తడిపి, చివరికి కాపుకొచ్చిన చెట్లు నరికించాను. ఏటికి వాటా అని వింటే నాకు కడుపు మండుతుంది.

కనిగిరి టీచర్
మా బడి పిల్లల పళ్ళు ఒకసారి వచ్చి చూడండి. ఫ్లోరైడుతో గారలు కట్టి ఉంటాయి. పెద్దవాళ్ళు నడుము వంచలేరు. ముందు తాగడానికి ఇవ్వండి. తర్వాతే పొలమైనా ఏరైనా.

చెలమనీళ్ళు
తాగునీళ్ళే ముందు, కాదనను మేడమ్. కానీ బత్తాయితోట గారూ, పైన మీరు వందల అడుగుల లోతు నుంచి తోడబట్టే కదా కింద మా ఊట పోయింది? మీ ఏడు బోర్ల లెక్క చెప్పారు, మా చెలమల లెక్క ఎవరు చెప్తారు?

బత్తాయితోట
అంటే నేను దొంగనా? నా భూమిలో నేను బోరు వేసుకుంటే మీ నీళ్ళు తీసుకున్నట్టా? మాట జాగ్రత్త.

అద్దంకి అబ్బాయి
అన్నా, ఇద్దరూ కాస్త ఆగండి.

నల్లమల నీడ
నాలుగు రోజులుగా చదువుతున్నాను. మాది మునక ఊరు. నల్లమల సాగర్ నిండితే మా ఇల్లు, మా నాన్న సమాధి, గుడి ముందు వేపచెట్టు నీళ్ళ కిందికి పోతాయి. ఇళ్ళకి నంబర్లు వేసి వెళ్ళారు. పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి మా అన్న మంచాన పడ్డాడు. మా దగ్గరికి వచ్చినప్పుడు ఏం చెప్పారు? 43.5 టీఎంసీలు, 4,47,000 ఎకరాలు, 15 లక్షల మందికి తాగునీరు అన్నారు. ఆ మాట విని, పోనీలే, పదిమంది గొంతు తడుస్తుందని ఒప్పుకున్నాం. ఏటికి అని ఎవరూ చెప్పలేదు. పైగా ఆ నీళ్ళు శ్రీశైలానికి వరద వచ్చే రోజుల్లో తీసుకోవాల్సినవి. టీఎంసీకి పదివేల ఎకరాల లెక్కన ముందే పంచేశారు. మీరు అడిగే వాటా ఎవరి వాటాలోంచి కోస్తారు? జీవనది అవునో కాదో మీరు తేల్చుకోండి. మేం ఊరు ఇచ్చింది ఏటి కోసం కాదు.

కనిగిరి టీచర్
ఈ మాట మనలో ఎవరికీ తట్టలేదు.

చెలమనీళ్ళు
తమ్ముడూ, మీ ఊళ్ళ సంగతి అర్జీలో ఒక్క ముక్క రాయలేదు. తప్పు నాదే. మీ పరిహారం మొదటి పేజీలో పెడతాం. కానీ ఏటికి వాటా అనే మాట మాత్రం తీసేయలేను. ఏరు ఎండితే ఒడ్డున బావి ఎండుతుంది, బావి ఎండితే మా ఊరూ ఖాళీ అవుతుంది. మీకు నీళ్ళు వచ్చి ఊరు పోతుంది, మాకు నీళ్ళు రాక పోతుంది.

నల్లమల నీడ
పరిహారం వచ్చినా నా మాట అదే అన్నా. ఎవరికని చెప్పి అడిగారో వాళ్ళకే పోవాలి. మీకు కావాలంటే మా వాళ్ళ ముందు కూర్చుని అడగండి. మమ్మల్ని అడక్కుండా సోమవారం ఇవ్వద్దు.

బత్తాయితోట
నేనూ వస్తాను. బోరు లెక్కలు తెస్తాను, వాళ్ళ ముందే చూద్దాం.

చెలమనీళ్ళు
సోమవారం ఇవ్వం. ఆదివారం పొద్దున బయలుదేరుతాం. దోర్నాలలో దిగాక ఎటు రావాలో చెప్పు తమ్ముడూ.