పిల్లాడి ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ 58 వచ్చింది: ఇది లోపల తయారైందా, బయటి పొగ వల్ల వచ్చిందా?

మల్కాజిగిరి అమ్మ:
మా అబ్బాయికి పదకొండేళ్లు. తుమ్ములతో మొదలై, తెల్లవారుజామున మూడింటికి పిల్లికూతలతో లేచి కూర్చునే దాకా వస్తుంది. పోయిన వారం ఆసుపత్రిలో ఒక చిన్న యంత్రంలోకి ఊదించారు. తెర మీది బొమ్మ పైకీ కిందికీ పోకుండా ఒకే వేగంతో ఊదాలట. వాడు మూడోసారికి గాని కుదురుకోలేదు. చీటీలో 58 పీపీబీ అని వచ్చింది. డాక్టరు గారు స్టీరాయిడ్ ఇన్‌హేలర్ రాసి పంపించారు గాని, ఆ అంకె ఏమిటో చెప్పే తీరిక వారికి లేకపోయింది. అది బండ్ల పొగలోని విషమేనని, ఇల్లు మారితే తగ్గుతుందని మా ఆడపడుచు అంటున్నారు. నిజమేనా?

ఊదుడు గది ఉద్యోగిని:
అమ్మా, నేను ఊపిరితిత్తుల పరీక్షల గదిలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. బండ్ల పొగలోని నైట్రోజన్ వాయువుల్లో మనల్ని ఎక్కువగా బాధించేది నైట్రోజన్ డయాక్సైడ్. మీ చీటీలో ఉన్నది నైట్రిక్ ఆక్సైడ్, బాబు శ్వాసనాళాలే తయారుచేసిన వాయువు. గది గాలి లెక్కలో కలవకుండా ఉండాలనే ముందుగా యంత్రం నుంచే వడకట్టిన గాలిని పీల్పిస్తారు. అలర్జీ ఉన్నవారు ధూళిపురుగు రేణువులనో, వయ్యారిభామ పుప్పొడినో పీల్చినప్పుడు రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేతాలను విడుదల చేస్తాయి. వాటిని అందుకున్న శ్వాసనాళపు లోపలి పొర ఒక ఎంజైమును విపరీతంగా తయారుచేయడం మొదలుపెడుతుంది. ఆ ఎంజైము ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఈ వాయువును పుట్టిస్తుంది. పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం. అమెరికా శ్వాసవైద్యుల సంఘం 2011లో ఇచ్చిన సూచనల ప్రకారం పన్నెండేళ్ల లోపు పిల్లల్లో 20 కంటే తక్కువైతే అలర్జీ తరహా వాపు ఉండే అవకాశం తక్కువ, 35 దాటితే ఎక్కువ. పెద్దలకు ఆ హద్దులు 25, 50.

ఇది విషమని కూడా అనలేము. కొద్ది మోతాదులో నాళాలను సడలించేదీ ఇదే. మోతాదు మించినప్పుడు వాపు కణాలు వదిలే సూపరాక్సైడుతో కలిసి పెరాక్సీనైట్రైటు అనే ఘాటైన పదార్థంగా మారి లోపలి పొరను దెబ్బతీస్తుంది.

బోడుప్పల్ మాస్టారు:
నా అనుభవం కొంత నవ్వు తెప్పిస్తుంది. పరీక్షకు వెళ్లే రోజు మధ్యాహ్నం పాలకూర పప్పు, బీట్‌రూట్ వేపుడుతో కడుపునిండా తిని వెళ్లాను. 44 వచ్చింది. ఏం తిన్నారని అడిగి, మరో రోజు ఉదయం రమ్మన్నారు, అప్పుడు 29. ఆకుకూరల్లోని నైట్రేటు వల్ల కూడా అంకె పెరుగుతుందని ముందే చెప్పి ఉంటే ఒక రోజు సెలవు మిగిలేది.

యూసుఫ్‌గూడ వాసి:
నాకు 14 మాత్రమే వచ్చింది. అది చూసి ఒక క్లినిక్కులో ఉబ్బసమే లేదని పంపించేశారు. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి దగ్గు అలాగే ఉన్నాయి. రోజుకు అరపెట్టె సిగరెట్లు కాలుస్తానని వారు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఊదుడు గది ఉద్యోగిని:
అది చెప్పవలసిన మాటే. పొగతాగేవారిలో ఈ అంకె తగ్గిపోతుంది. పైగా అలర్జీతో సంబంధం లేని ఉబ్బసంలో ఇది మామూలుగానే ఉండవచ్చు. స్పైరోమెట్రీ, అంటే గట్టిగా ఊదించి గాలి ఎంత, ఎంత వేగంగా వస్తుందో కొలిచే పరీక్ష, చేయించుకోండి, మందు పీల్చక ముందు ఒకసారి, పీల్చాక ఒకసారి. రెండు పరీక్షలూ ఒకే రోజయితే నైట్రిక్ ఆక్సైడ్‌దే ముందు చేయాలి, ఎందుకంటే స్పైరోమెట్రీలో గట్టిగా ఊదితే ఈ అంకె తగ్గవచ్చు.

నల్లకుంట నుంచి:
మా ఆవిడకు తీవ్రమైన ఉబ్బసం. మొదట మెపోలిజుమాబ్ ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు ఆయాసం కొంత తగ్గినా ఈ అంకె పెద్దగా కదలలేదు. డుపిలుమాబ్ అనే మరో ఇంజెక్షన్‌కు మార్చాక బాగా పడిపోయింది. పైన చెప్పిన సంకేతాల సంగతి చదివాక ఇప్పుడు అర్థమైంది: రెండోది 4, 13 సంకేతాలను అడ్డుకుంటుంది, మొదటిది ఇంటర్‌ల్యూకిన్-5ను మాత్రమే. అంకె కదలనప్పుడు మందు దండగని నేను ఆమెతో వాదించాను. ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

మల్కాజిగిరి అమ్మ (ఆరు వారాల తరువాత):
అందరికీ కృతజ్ఞతలు. ఇల్లు మారలేదు. మొన్న మళ్లీ ఊదిస్తే 51 వచ్చింది, నా గుండె జారింది. నర్సమ్మ గారు వాడి చేత ఇన్‌హేలర్ తన ఎదుటే కొట్టించి చూశారు: వీడు డబ్బా ఊపడు, ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, అదే స్పేసరు, పెట్టుకోడు, మందంతా నాలుక మీద పడుతోంది. స్పేసరు ఇంట్లోనే ఉంది, వాడి క్రికెట్ బంతుల బుట్టలో. ఇప్పుడు పొద్దునా రాత్రీ నేను పక్కన కూర్చుని పీల్పించి, నోరు పుక్కిలింపజేస్తున్నాను. రాత్రి లేవడం వారానికి ఒకసారికి తగ్గింది. వచ్చే నెల మళ్లీ పరీక్ష ఉంది. ఆ రోజు ఇంట్లో పాలకూర వండను.