అమ్మానాన్నలతో సెయింట్ ఆండ్రూస్ కోటకి వెళ్ళొచ్చా?

కొత్త స్టూడెంట్, డండీ:
అన్నలకీ అక్కలకీ నమస్తే. మాస్టర్స్‌కి ఈమధ్యే స్కాట్లాండ్ వచ్చాను. వచ్చే వారం అమ్మానాన్న వస్తున్నారు. సెయింట్ ఆండ్రూస్‌లో సముద్రం ఒడ్డున పాత బిషప్పుల కోట ఉందట కదా, చూడదగ్గదేనా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాకు కారు లేదు.

పాతకాపు, డండీ:
తప్పకుండా వెళ్ళు తమ్ముడూ. కారెందుకు, డండీ బస్టాండ్‌లో 99 ఎక్కితే నేరుగా ఆ ఊళ్ళోనే దిగుతావు. రైలు పెట్టుకోకు. ఆ ఊరి స్టేషన్ 1969లోనే మూసేశారు, రైలైతే పక్కనున్న లూకర్స్ అనే ఊళ్ళో దిగి మళ్ళీ బస్సే ఎక్కాలి. నీకు 22 నిండకపోతే బస్సు ఫ్రీ, ఆ కార్డు ముందు చేయించుకో.

గోల్కొండ అంత ఉంటుందనుకుని మాత్రం వెళ్ళొద్దు. ముందు గోడ, కొన్ని మొండి బురుజులు, మధ్యలో పచ్చిక, అంతే. బిషప్ రోజర్ 1200 ప్రాంతంలో కట్టించాడు. ఇంగ్లీషువాళ్ళ చేతికి మళ్ళీ చిక్కకూడదని 1337లో స్కాట్‌లవాళ్ళే పడగొట్టారు. ఆ శతాబ్దం చివర్లో బిషప్ ట్రెయిల్ మళ్ళీ లేపాడు. బిషప్పుల వైభవం పోయాక, 1654లో ఊరి పెద్దలు ఈ రాళ్ళే పీకి రేవు బాగుచేయించుకున్నారు. మిగిలిన పెద్ద హాలు 1801లో సముద్రంలోకి జారిపోయింది.

అసలు చూడాల్సింది నేల కింద ఉంది. 1546 మార్చి 1న, ఈ కోటలో ఉండే క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ డేవిడ్ బీటన్, జార్జ్ విషార్ట్ అనే ప్రొటెస్టెంట్ బోధకుణ్ణి ఈ కోట ముందే తగలబెట్టించాడు. ఆ చోట రోడ్డు మీద విషార్ట్ పేరు పొడి అక్షరాలుంటాయి, చూడు. మూడు నెలలు తిరక్కుండానే, మే 29 తెల్లారి, కోటలో కట్టుబడి పని నడుస్తుంటే చుట్టుపక్కల జమీందార్లు కొందరు తాపీ మేస్త్రీల్లా లోపలికి దూరి కార్డినల్‌ని పొడిచి చంపి, శవాన్ని ఊరంతా చూసేలా గోడకి వేలాడదీశారు. తర్వాత ఆ శవాన్ని ఉప్పులో వేసి, రాతిలో తొలిచిన చీకటి కొట్లో పెట్టారు. సీసా ఆకారంలో ఉంటుందది: మెడ సన్నం, అడుగు వెడల్పు, ఏడు మీటర్ల లోతు. పైనుంచి తొంగి చూడొచ్చు.

చంపినవాళ్ళు కోటలోనే పాతుకుపోయారు. వాళ్ళని ముట్టడించిన రాజప్రతినిధి ఆరన్‌కి ఓ చిక్కొచ్చింది. వాడి పెద్ద కొడుకు లోపల బందీ. అందుకని ఫిరంగులకంటే సొరంగాన్ని ఎక్కువ నమ్ముకున్నాడు. కోట ముందున్న బురుజు కిందకి మనిషి నిటారుగా నడిచేంత పెద్ద దారి తొలిపించాడు. లోపలివాళ్ళు చప్పుడు విని ఎదురు సొరంగం మొదలెట్టారు. ఒకచోట తవ్వి వదిలేశారు, ఇంకోచోట వదిలేశారు, చివరికి మెలికలు తిరుగుతూ వెళ్ళి సరిగ్గా శత్రువు నెత్తి మీద తేలారు. ఆ కన్నంలోంచి ఇప్పుడు ఇనప నిచ్చెన దిగి అవతలి సొరంగంలో నిలబడొచ్చు. గోడల మీద గునపం గాట్లు చేతికి తగులుతాయి. 1879లో ఎదురుగా ఓ ఇంటికి పునాది తవ్వుతుంటే బయటపడిందిది.

మీ అమ్మగారిని మాత్రం దింపకు. ఎదురు సొరంగంలో నడుం వంచి నడవాలి, నేల తడి. ఆవిణ్ణి పైన కూర్చోబెట్టి నాన్నగారూ నువ్వూ దిగండి.

హైదరాబాదీ, గ్లాస్గో:
గోల్కొండ పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. 1687లో ఔరంగజేబు మనుషులు గోల్కొండ గోడ కింద కూడా సొరంగాలు తవ్వి తుపాకి మందు కూరారు. లోపలివాళ్ళు ఎదురు తవ్వి ఆ మందు లాగేశారు. చివరికి తలుపు తీసింది ఇంటిదొంగే అనుకోండి. ఇంకోటి, కార్డినల్‌ని చంపిన గుంపులో, తర్వాత ప్రొటెస్టెంట్ నాయకుడైన జాన్ నాక్స్ ఉన్నాడు, అది రాయలేదేం?

పాతకాపు, డండీ:
లేడు సామీ! నాక్స్ కోటలోకొచ్చింది 1547 ఏప్రిల్‌లో, హత్య అయ్యాక పది నెలలకి. ఆ జూలై ఆఖర్లో ఆరన్‌కి సాయంగా ఫ్రెంచి నౌకాదళం వచ్చి, ఊళ్ళోని కాలేజీ గోపురం మీదా కెథీడ్రల్ మీదా ఫిరంగులెక్కించి కొడితే కొన్ని గంటల్లో కోట పడింది. నాక్స్‌ని పట్టుకెళ్ళి పందొమ్మిది నెలలు ఓడలో తెడ్లు వేయించారు.

హైదరాబాదీ, గ్లాస్గో:
చంపినవాళ్ళని వెనకేసుకొచ్చాడు కదా, ఏం తేడా?

పాతకాపు, డండీ:
కత్తి పట్టినవాడికీ శభాష్ అన్నవాడికీ తేడా లేదంటే ఇక మీ ఇష్టం.

అక్క, సెయింట్ ఆండ్రూస్:
కోట ఎక్కడికీ పోదు, అన్నేళ్ళుగా అక్కడే ఉంది. తమ్ముడూ, ముందిది చెప్పు: ఇల్లు తీసుకున్నావా? డిపాజిట్ ఎవరి దగ్గరుంది? కోటకి దగ్గర్లోనే మేం ఓ ఇంట్లో ఉండేవాళ్ళం. సముద్రపు గాలికి పడగ్గది గోడంతా నల్లగా బూజు. ఖాళీ చేసేటప్పుడు ఓనరు వచ్చి, అది మా తాళింపుల వల్లట, డిపాజిట్ మొత్తం పట్టుకుంటానన్నాడు. పడగ్గదిలో తాళింపు ఎవరు పెడతారండీ! తీరా ఆరా తీస్తే ఆ డబ్బు, ప్రభుత్వం ఒప్పుకున్న ఏ డిపాజిట్ రక్షణ స్కీములోనూ వేయలేదు. అద్దె ఇళ్ళ తగాదాలు తీర్చే ట్రైబ్యునల్‌కి వెళ్ళాం. ఫీజు లేదు, లాయరు లేడు. తేదీలు వేసిన ఫొటోలూ బ్యాంకు కాగితాలూ చూపించాం. మా డబ్బూ వచ్చింది, పైన జరిమానా కూడా మాకే ఇప్పించారు. డిపాజిట్‌కి మూడు రెట్ల దాకా వేయొచ్చు. ఓనరు 30 రోజుల్లో స్కీములో వేయాలి, గుర్తుపెట్టుకో.

పాతకాపు, డండీ:
30 పనిరోజులు అక్కా. శని ఆదివారాలు లెక్కలోకి రావు.

అక్క, సెయింట్ ఆండ్రూస్:
సరే, పనిరోజులే. కానీ ఇల్లు వదిలాక మూడు నెలలు దాటితే ఆ జరిమానా అడిగే హక్కు పోతుంది, అది చెప్పరేం? డిపాజిట్ కూడా రెండు నెలల అద్దెకి మించకూడదు. ఆ, కోటకెళ్ళేరోజు పులిహోర కట్టుకెళ్ళు, కానీ బయట డబ్బా మూత తీసి పక్కన పెట్టకు. ఇక్కడి సముద్రపు పక్షులు చేతిలోది లాక్కుపోతాయి.

కొత్త స్టూడెంట్, డండీ:
అందరికీ థాంక్స్. శనివారం వెళ్తున్నాం, అమ్మని పైనే కూర్చోబెడతాం. అక్కా, మా ఓనరు డిపాజిట్ క్యాష్‌గా తీసుకున్నాడు, రసీదు ఇవ్వలేదు. ఇప్పుడేం చేయాలి?

అక్క, సెయింట్ ఆండ్రూస్:
ఈ రాత్రే ఆయనకి మెయిల్ పెట్టు. ఫలానా తేదీన ఇంత ఇచ్చాను, ఏ స్కీములో వేశారు, అని రెండు ముక్కలు చాలు. ఆయన ఏం జవాబిచ్చినా అదే నీ రసీదు. స్కీములు మూడే ఉన్నాయి, మూడిట్లోనూ నువ్వే అడిగి చూసుకో.