‘మిలీషియా’ను తెలుగులో ఏమందాం?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో కరొలినా కొండల వైపు నుంచి వచ్చి పోరాడిన ఊరివాళ్ల జ్ఞాపకాలను తెలుగు చేస్తున్నాను. మొదటి పేజీలోనే ‘మిలీషియా’ దగ్గర ఆగిపోయాను. పౌరసేన, ప్రజాసైన్యం అన్న మాటలు ఉన్నాయి కానీ ఈ మనుషుల మీద పెడితే నిలవడం లేదు. తుపాకీ సొంతం, గుర్రం సొంతం, దారిలో తినే వేయించిన మొక్కజొన్నలు కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నవే. 1780 సెప్టెంబర్ 25న సికమోర్ షోల్స్ దగ్గర గుమిగూడి, కొండలు దాటి వెళ్లి, అక్టోబర్ 7న కింగ్స్ మౌంటెన్ మీద గంటసేపు పోరాడి బ్రిటిష్ రాజు తరఫు మేజర్ ఫెర్గూసన్ బలగాన్ని ఓడించారు. ఆ తర్వాత చాలామంది ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

వాళ్లలో జేమ్స్ కాలిన్స్ అప్పటికి కుర్రాడు. గుట్ట ఎక్కబోయే ముందు తలా నాలుగైదు సీసం గుండ్లు నోట్లో వేసుకున్నారట. దాహం వేయకుండా ఉంటుంది, మళ్లీ తుపాకీ నింపడానికీ చేతికి దగ్గరగా ఉంటాయి. థామస్ యంగ్ ఒక చెట్టు చాటున నిలబడి కాలుస్తూనే ఉన్నాడు. అవతలి గుండ్లకు ఆ చెట్టు బెరడు దాదాపు అంతా ఊడి, పొట్టు కళ్లల్లో పడిందని రాసుకున్నాడు. ఇలా చెప్పే మనిషిని ‘సైనికుడు’ అని రాస్తే నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

*

అన్నా, మా రాయలసీమలో కట్టుబడి బంట్లు ఉండేవాళ్లు కదా. మాన్యం తింటూ ఊరికి కాపలా కాసేవాళ్లు, అవసరమైతే ఆయుధం పట్టేవాళ్లు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచింది వాళ్లే. ‘కట్టుబడి’ అంటే సరిపోదా?

*

మంచి మాట గుర్తు చేశావు తమ్ముడూ. కానీ కట్టుబడివాళ్లు మాన్యానికి బదులు కొలువు చేసేవాళ్లు. తరాలుగా అదే వాళ్ల పని. కరొలినావాళ్లు రైతులు, వేటగాళ్లు. చట్టం ప్రకారం పిలుపు వస్తే కొన్ని నెలలు పోవాలి, గడువు తీరగానే పొలానికి రావాలి. కింగ్స్ మౌంటెన్‌కైతే చాలామంది తమంతట తామే కదిలారు. కొండలు దాటి వచ్చి మీ నాయకుల్ని ఉరి తీస్తానని ఫెర్గూసన్ కబురు పెట్టాడు మరి.

*

సర్, మా నాయనమ్మ ‘దండుకు పోయిండు’ అనేది. వెళ్లినవాడు తిరిగొస్తాడన్న అర్థం అందులోనే ఉంటది. ‘ఊరిదండు’ అని వాడి చూడండి.

*

అమ్మా, ఇదే కావలసింది! వెంటనే పింఛను వాంగ్మూలాల మీద పెట్టి చూశాను. 1832లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో కనీసం ఆరు నెలలు పనిచేసిన మిలీషియావాళ్లకు కూడా పింఛను దక్కింది. చాలామంది దగ్గర కాగితం ముక్క లేదు. డెబ్బై ఏళ్లు దాటిన ముసలివాళ్లు కోర్టులో నిలబడి, ఏ ఏడు పోయారో, ఎవరి కింద పోయారో, పిలిస్తే పోయారా తమంతట తాము పోయారా, లేక ఇంకొకరి బదులు పోయారా అన్నీ జ్ఞాపకం మీదే చెప్పారు. గుమస్తా రాసుకున్నాడు. చదువు రానివాళ్లు నిశానీ పెట్టారు. అక్కడ ‘సైన్యంలో సేవలందించాను’ అని రాస్తే అది గుమస్తా గొంతు. ‘మూడు నెలలు దండుకు పోయాను’ అంటే ఆ ముసలాయన గొంతు వినపడుతుంది.

ఒక్క మెలిక ఉంది. ఫెర్గూసన్ కింద పోరాడినవాళ్లు కూడా ఇంచుమించు అందరూ అక్కడివాళ్లే, రాజు పక్షాన నిలిచిన ఇరుగుపొరుగు. మర్నాడు ఆదివారం ఆ చచ్చిపోయినవాళ్ల పెళ్లాం బిడ్డలు గుట్ట మీదికి వచ్చి శవాల్లో తమవాళ్లను వెతుక్కోవడం కాలిన్స్ చూశాడు. అందుకే ‘శత్రుసైన్యం’ అని ఎక్కడా రాయకూడదనుకుంటున్నాను. వాళ్లదీ ఊరిదండే. ‘రాజు పక్షం దండు’, ‘కాంగ్రెస్ పక్షం దండు’ (స్వాతంత్ర్యం కోరినవాళ్ల సభ పేరు కాంగ్రెస్) అని రాద్దామనుకుంటే, ఆ రెండో దాంట్లో కాంగ్రెస్ అనగానే మనవాళ్లకు మన పార్టీయే గుర్తొస్తుంది. దానికి బదులు ఇంకేదైనా తడితే చెప్పండి.