ఇంటి డీడ్‌లో నా పేరు చేర్చాలి: ఆలమేడా కౌంటీ రికార్డర్ ఆఫీసులో ఎలా?

సుధ_ఫ్రీమాంట్:

మేం 2013లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్నాం. అప్పటికి నేను డిపెండెంట్ వీసా హెచ్4 మీద ఉన్నాను. ఉద్యోగం చేసే వీల్లేదు, క్రెడిట్ హిస్టరీ లేదు. లోన్ మావారి ఒక్కరి పేరు మీదే వచ్చింది. ఎస్క్రోలో (కొనుగోలు కాగితాలు, డబ్బు చూసే మధ్యవర్తి ఆఫీసులో) నా చేత కూడా ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. ఏమిటని అడిగితే "లోన్ కోసమే, ఫార్మాలిటీ" అన్నారు. మొన్న లోన్ మొత్తం తీర్చేశాం.

విజయవాడ నుంచి మా మామగారు ఫోన్ చేసి, లోన్ తీరిందనగానే అడిగిన మొదటి ప్రశ్న: "బ్యాంకు నుంచి ఒరిజినల్స్ తెచ్చుకున్నారా?" బ్యాంకు వాళ్లనడిగితే మీ డీడ్ మా దగ్గర ఎప్పుడూ లేదన్నారు. ఆ మాట చెప్పాక ఆయనకు నిద్ర లేదు. రోజూ ఫోనే. నిజం చెప్పాలంటే నాకూ గుబులుగానే ఉంది.

కౌంటీ వెబ్‌సైట్‌లో మావారి ఇంటిపేరు కొట్టి వెతికాను, ఏమీ రాలేదు. ఈలోగా పోస్టులో ఒక ఉత్తరం దిగింది. పైన గద్ద బొమ్మ, మా చిరునామా, ఇల్లు కొన్న తేదీ అన్నీ కరెక్టుగా ఉన్నాయి. వంద డాలర్ల పైచిలుకు కడితే "డీడ్ సర్టిఫైడ్ కాపీ" పంపుతారట, గడువు తేదీ కూడా వేశారు. కట్టాలా?

అసలు సంగతి, ఇప్పుడు నా పేరు చేర్చాలి. మా అత్తగారి మోకాలి ఆపరేషన్ కోసం మావారు విజయవాడలో ఉన్నారు, సంక్రాంతి దాటాకే వస్తారు. అక్కణ్ణుంచే సంతకం పెట్టి పంపొచ్చా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి, ప్లీజ్.

పాత_ఎస్క్రో:

సుధ గారూ, రిటైరయ్యే దాకా బే ఏరియాలో టైటిల్ కంపెనీలోనే (ఇళ్ల హక్కు రికార్డులు పరిశీలించే సంస్థ) పనిచేశాను. మీ కేసు లాంటివి మనవాళ్లవి లెక్కలేనన్ని చూశాను.

ముందు ఆ ఉత్తరం చించి చెత్తలో వేయండి. అది కౌంటీది కాదు. రికార్డయిన డీడ్లు ఎవరైనా చూడగల పబ్లిక్ రికార్డు, అందులోంచి చిరునామాలు ఏరుకుని ఇలా పంపుతారు. కింద సన్నటి అక్షరాల్లో "ఇది ప్రభుత్వ సంస్థ కాదు" అని ఉంటుంది, చూడండి. అదే కాపీ రికార్డర్ ఆఫీసులో కొద్ది డాలర్లకు ఇస్తారు.

మామగారి భయానికి కారణం మన పద్ధతి. అక్కడ లోన్ ఇచ్చిన బ్యాంకు రిజిస్టరైన సేల్ డీడ్‌ను లాకర్లో పెట్టుకుంటుంది, తీరాక చేతికిస్తుంది. కాలిఫోర్నియాలో బ్యాంకు డీడ్ తీసుకోదు. దాని హక్కు "డీడ్ ఆఫ్ ట్రస్ట్" అనే వేరే కాగితం, అదీ కౌంటీలోనే రికార్డవుతుంది. లోన్ తీరితే "ఫుల్ రీకన్వేయన్స్" అనే ఇంకో కాగితం రికార్డు చేసి దాన్ని కొట్టేస్తారు. బ్యాంకు నుంచి మీకు రావలసింది అదొక్కటే. దానికి చట్టంలో గడువుంది: లోన్ తీరిన 30 రోజుల్లో బ్యాంకు కాగితాలు ట్రస్టీకి (డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో పేరున్న మూడో పక్షానికి) పంపాలి, అందిన 21 రోజుల్లో ట్రస్టీ రికార్డు చేయించాలి. ఇల్లు కొన్నప్పుడు రికార్డయిన అసలు డీడ్, ముద్ర వేశాక 2013లోనే మీ ఇంటికి పోస్టులో వచ్చి ఉంటుంది. పోయినా ఫర్వాలేదు. కౌంటీ పుస్తకంలో ఉన్నదే లెక్క. సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుంటే ఒరిజినల్‌తో చేసే పనులన్నీ దాంతో అవుతాయి.

ఇక వెతకడం. ఇక్కడ సూచీ ఇంటిపేరు చివరన ఉంటుందని నమ్మి నడుస్తుంది. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, మూడు ముక్కల పేరు ఇంకోచోట. టైప్ చేసినవాడు ఏ ముక్కను ఎక్కడ పడేశాడో దేవుడికెరుక. ఇంటిపేరుతో రాకపోతే పేరులోని ప్రతి ముక్కనూ ఇంటిపేరు గడిలో కొట్టి చూడండి, కలిపీ విడగొట్టీ. అప్పటికీ దొరక్కపోతే మీకు ఇల్లు అమ్మినవాళ్ల పేరు మీద గ్రాంటర్ (ఇచ్చినవాళ్ల) వైపు నుంచి వెతకండి. ఇది తప్పకుండా దొరుకుతుంది, ఎందుకంటే ఒకే డీడ్‌ను ఇచ్చినవాళ్ల పేరు మీదా తీసుకున్నవాళ్ల పేరు మీదా రెండుసార్లు ఎక్కిస్తారు. 2013తో మొదలయ్యే డాక్యుమెంట్ నంబర్ దొరికితే సగం పని అయినట్టే. ఇంటర్నెట్‌లో సూచీ వరకే కనపడుతుంది. కాగితం చూడాలంటే ఓక్లాండ్‌లో మాడిసన్ స్ట్రీట్ ఆఫీసుకు వెళ్లాలి, లేక్ మెరిట్ బార్ట్ స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. పోస్టులోనూ తెప్పించుకోవచ్చు.

ఏం కనపడుతుందో ముందే చెప్తాను, కంగారు పడకండి. అదే రోజు, పక్కపక్క నంబర్లతో రెండు డీడ్లుంటాయి. ఒకటి అమ్మినవాళ్లు మీవారికి ఇచ్చిన గ్రాంట్ డీడ్. అందులో ఆయన పేరు పక్కన "వివాహితుడు, తన సొంత ప్రత్యేక ఆస్తిగా" అని ఉంటుంది. రెండోది మీరు ఆ ఇంట్లో మీకున్న హక్కంతా ఆయనకు వదులుతూ ఇచ్చిన ఇంటర్‌స్పౌజల్ (భార్యాభర్తల మధ్య) డీడో, క్విట్‌క్లెయిమో. ఎస్క్రోలో ఫార్మాలిటీ అన్నది దీన్నే. పెళ్లయ్యాక వచ్చిన జీతంతో లోన్ కట్టారు కాబట్టి కోర్టు దాకా వెళ్తే మీకూ వాటా ఉందనే వాదన నిలబడుతుంది. కానీ రికార్డు ప్రకారం ఈరోజు ఆ ఇల్లు ఆయన ఒక్కరిదే. కాబట్టి పేరు చేర్చాలన్న మీ ఆలోచన సరైనదే, అశ్రద్ధ చేయకండి.

హైదరాబాద్_రిటర్న్:

సంతకం గురించి నేను చెప్తా. మా తమ్ముడు టెక్సాస్ ఇంటి కాగితాలకు ఇలాగే చేశాడు. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ సర్వీస్ ఉంది. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ఒక్కో ముద్రకు 50 డాలర్లు. పాస్‌పోర్ట్ తీసుకెళ్లాలి. ముందే సంతకం పెట్టేసి వెళ్తే ఒప్పుకోరు, ఆఫీసర్ ఎదుటే పెట్టాలి. విజయవాడ నుంచి రావాలి కాబట్టి ఒక రోజు పోతుంది, అంతే.

బెజవాడలోనే మామూలు నోటరీ దగ్గర పెట్టించి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించే దారి కూడా ఉంది. ఇండియా 2005లోనే అపోస్టిల్‌కు సంబంధించిన హేగ్ ఒప్పందంలో చేరింది. కానీ ముందు రాష్ట్రంలో అటెస్టేషన్, తర్వాత విదేశాంగ శాఖ... ఆ తిరుగుడు కంటే కాన్సులేటే నయం.

పాత_ఎస్క్రో:

హైదరాబాద్_రిటర్న్ గారు చెప్పింది నిజం. ఒక చిన్న విషయం కలుపుతాను. కాన్సులేట్ దారిలో వెళ్లేట్టయితే డీడ్ ఇక్కడే లెటర్ సైజు కాగితం మీద ప్రింట్ తీసి కొరియర్ చేయండి. అక్కడ ప్రింట్ తీస్తే ఏ4 వస్తుంది. ఎనిమిదిన్నర బై పదకొండు కాని పేజీలకు ఇక్కడ అదనపు ఫీజు పడుతుంది. మొదటి పేజీ పైన రెండున్నర అంగుళాలు వదలాలి: ఎడమ పక్క తిరిగి పంపాల్సిన చిరునామా, కుడి పక్క రికార్డర్ ముద్రకు.

నా మాట వింటే మాత్రం సంక్రాంతి దాకా ఆగండి. ఇక్కడి నోటరీ సంతకానికి 15 డాలర్లకు మించి తీసుకోకూడదు. పైగా డీడ్ అంటే తన పుస్తకంలో కుడి బొటనవేలి ముద్ర తీసుకుని తీరాలి. వేలిముద్ర లేనిదే రిజిస్ట్రేషన్ ఏమిటనే మామగారికి అది కాస్త ఊరట.

ఎందుకు తొందరపడొద్దంటున్నానంటే, రికార్డర్ ఆఫీసు రైల్వే స్టేషన్లో క్లోక్ రూమ్ లాంటిది. సామాను తీసుకుని చీటీ ఇస్తారు, లోపల ఏముందో అడగరు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో లాగా ఇద్దరూ వెళ్లి ఫొటో దిగడం, సాక్షులు ఉండవు. నోటరీ ముద్ర ఉందా, పేర్లు చదవడానికి వస్తున్నాయా, ట్రాన్స్‌ఫర్ టాక్స్ సంగతి రాశారా, ఫీజు సరిపోయిందా, అంతవరకే చూస్తారు. లాట్ నంబర్ తప్పు రాసి ఇచ్చినా ఎక్కిస్తారు. ఆ తప్పు ఇరవై ఏళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయేటప్పుడు బయటపడుతుంది. అందుకే లీగల్ డిస్క్రిప్షన్‌ను (స్థలాన్ని గుర్తించే చట్టబద్ధ వర్ణనను) 2013 డీడ్ నుంచి కామా కూడా వదలకుండా దింపుకోండి. ప్రాపర్టీ టాక్స్ బిల్లు మీద ఉన్న పార్సెల్ నంబర్ ఒక్కటీ సరిపోదు.

మీకు కావలసింది ఇంటర్‌స్పౌజల్ గ్రాంట్ డీడ్. మీవారు ఇచ్చేవారు, తీసుకునేది మీరిద్దరూ. పేర్ల తర్వాత వచ్చే మాటలో ఉంది కీలకం. చాలామంది "జాయింట్ టెనెంట్స్" (సమాన ఉమ్మడి యజమానులు) అని రాసి ఊరుకుంటారు. నేనైతే "సర్వైవర్‌షిప్ హక్కుతో కమ్యూనిటీ ప్రాపర్టీ" (భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి) అని రాయిస్తాను, కాలిఫోర్నియాలో 2001 నుంచి భార్యాభర్తలకు ఈ వీలుంది. ఒకరు పోతే రెండోవారికి ప్రొబేట్ (కోర్టు ద్వారా వారసత్వం తేల్చే ప్రక్రియ) లేకుండా వస్తుంది, అది జాయింట్ టెనెన్సీలోనూ ఉంది. తేడా టాక్సులో. జాయింట్ టెనెన్సీలో పోయినవారి సగానికే ఆనాటి ధర కొత్త బేసిస్ (అమ్మినప్పుడు లాభం లెక్కించే మూల ధర) అవుతుంది, కమ్యూనిటీ ప్రాపర్టీకి మొత్తం ఇంటికి అవుతుంది. 2013 ధరకూ ఇప్పటి ఫ్రీమాంట్ ధరకూ ఉన్న తేడా మీకు వేరే చెప్పాలా. ఈ రకం రాస్తే ఒప్పుకుంటున్నట్టు డీడ్ మీదే ఇద్దరి చేతా సంతకం పెట్టించడం వాడుక.

డబ్బు సంగతి. డబ్బేమీ చేతులు మారడం లేదు కాబట్టి, మామూలుగా వెయ్యికి 1.10 డాలర్ల చొప్పున కౌంటీ తీసుకునే ట్రాన్స్‌ఫర్ టాక్స్ మీకు సున్నా. కానీ ఎందుకు సున్నానో కారణం డీడ్ మీద రాయాలి, ఖాళీ వదిలితే తిరుగు టపాలో వస్తుంది. 2018 నుంచి చాలా కాగితాలకు 75 డాలర్ల హౌసింగ్ ఫీజు ఉంది. సొంతంగా ఉంటున్న ఇంటి బదిలీకి మినహాయింపు ఉంది, అది కూడా మొదటి పేజీ మీద రాసి అడగాలి, లేకపోతే వసూలు చేస్తారు. డీడ్‌తో పాటు పీకార్ అనే యాజమాన్య మార్పు ఫారం జత చేయండి, లేకపోతే ఇంకో 20 డాలర్లు. అందులో మొదటి ప్రశ్నే "భార్యాభర్తల మధ్య బదిలీనా?" అని. అవునని టిక్ పెడితే అసెసర్ (ఆస్తి పన్ను కోసం విలువ కట్టే అధికారి) ఇంటి విలువ మళ్లీ కట్టడు, కొన్ననాటి విలువ ఆధారంగా వేసే మీ ప్రాప్ 13 పన్ను అలాగే ఉంటుంది.

టాక్స్_చూసేవాణ్ణి:

పాత ఎస్క్రో గారు డీడ్ వైపు నుంచి అన్నీ చెప్పారు. ఒక ప్రశ్న మిగిలింది. సుధ గారూ, మీరు సిటిజనా, గ్రీన్ కార్డా? భార్యాభర్తల మధ్య ఎంత ఇచ్చినా గిఫ్ట్ టాక్స్ లేదనేది తీసుకునేవారు అమెరికా పౌరులైతేనే. కాకపోతే ఏడాదికి ఒక పరిమితి ఉంది, 2025కి 190000 డాలర్లు. ఫ్రీమాంట్ ఇంట్లో సగం అంటే అది దాటిపోతుంది. చేతి నుంచి పన్ను కట్టాల్సిన పని పడకపోవచ్చు, మీవారి జీవితకాల మినహాయింపులోంచి తగ్గుతుంది. కానీ గిఫ్ట్ టాక్స్ రిటర్న్ అయిన ఫారం 709 దాఖలు చేయాల్సి రావచ్చు. జాయింట్ టెనెన్సీకి లెక్క వేరు. డీడ్ మీద మాట ఖరారు చేసేముందే సీపీఏను (లైసెన్సున్న అకౌంటెంట్‌ను) అడగండి, రికార్డయ్యాక కాదు.

సుధ_ఫ్రీమాంట్:

అందరికీ చాలా థ్యాంక్సండీ. నేను ఇంకా గ్రీన్ కార్డే, కాబట్టి ముందు సీపీఏ దగ్గరికి వెళ్తాను. డీడ్ దొరికింది! మావారి పేరులో మధ్య ముక్కను ఇంటిపేరు చేసి ఎక్కించారు. అమ్మినవాళ్ల పేరుతో వెతికితే బయటపడింది. మీరన్నట్టే పక్క నంబరుతో నా సంతకం ఉన్నది కూడా ఉంది. రీకన్వేయన్స్ కూడా పోయిన నెలలోనే రికార్డయింది.

ఒక చిక్కొచ్చింది. మావారు సిటిజన్‌షిప్ తీసుకున్నప్పుడు పేరు కుదించుకున్నారు. డీడ్‌లో నాలుగు ముక్కల పాత పేరు, పాస్‌పోర్టులో రెండు ముక్కల కొత్త పేరు. ఏ పేరుతో సంతకం పెట్టాలి?

పాత_ఎస్క్రో:

కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1096 ఇలాంటివాళ్ల కోసమే ఉంది. పేరు మారినవాళ్లు ఆస్తి ఏ పేరుతో తమకు వచ్చిందో కొత్త డీడ్‌లో చెప్పి తీరాలి. ఇచ్చేవారి పేరు దగ్గర కొత్త పేరు రాసి, "ఫలానా పేరుతో హక్కు పొందినవారు" అని పాత పేరును 2013 డీడ్‌లో ఉన్నది ఉన్నట్టుగా, స్పెల్లింగ్ తప్పుంటే ఆ తప్పుతో సహా రాయండి. అప్పుడు సూచీలో రెండు పేర్ల మీదా ఎక్కుతుంది, హక్కుల గొలుసు తెగదు. తీసుకునేవారి దగ్గర కొత్త పేరు చాలు. సంతకం కొత్త పేరుతోనే. నోటరీ చూసే ఐడీ అదే కదా. నాచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ రికార్డుకు జత చేయకండి, అందులో ఎవరి కంటా పడకూడని వివరాలుంటాయి, రికార్డయితే అది అందరిదీ. ఇంట్లో ఫైల్లో పెట్టుకోండి.