లాక్ ఉన్న డాంగిల్‌ని అన్‌లాక్ చేయించుకోవచ్చా?

ఉలవపాడు రైతు:
రొయ్యల చెరువు దగ్గర కెమెరాలకు ఒక కంపెనీ 4జీ డాంగిల్ పెట్టాను. ఇప్పుడు అక్కడ దాని సిగ్నల్ అందడం లేదు. వేరే సిమ్ వేస్తే కోడ్ అడుగుతోంది. రాత్రిపూట నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే వెంటనే తెలియాలి, అదే నా టెన్షన్. అన్‌లాక్ చేయిస్తే ఏమన్నా ఇబ్బందా?

కావలి కుర్రోడు:
వద్దన్నా. 2023 టెలికాం చట్టంలో 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

ఒంగోలు రిపేర్:
తమ్ముడూ, రైతుని ఊరికే భయపెట్టొద్దు. ఆ శిక్ష ఐఎంఈఐ లాంటి గుర్తింపు నంబర్లను మార్చేవాళ్ళకి. మేం తీసేది సిమ్ లాక్, అంటే వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా పెట్టిన తాళం. పాత 3జీ హువావే మోడళ్ళలో ఐఎంఈఐ నుంచే కోడ్ లెక్కగట్టవచ్చు, ఆ నంబర్ మాత్రం మారదు. తప్పు కోడ్ కొట్టడానికి మామూలుగా 10 ఛాన్సులుంటాయి. అవి అయిపోతే ఇక కోడ్ తీసుకోదు. అన్నా, మీరు ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

కావలి కుర్రోడు:
ఫర్మ్‌వేర్, అదే డాంగిల్ లోపలి సాఫ్ట్‌వేర్, మార్చేటప్పుడు ఐఎంఈఐ చెరిగిపోదా? సున్నాలు కనిపించిన డాంగిల్ నేను చూశాను. అది మార్చినట్టు కాదా?

ఒంగోలు రిపేర్:
తప్పు ఫైలు వేస్తే పోతుంది. తెలిసినవాడు ముందే బ్యాకప్ తీసుకుంటాడు.

పొదిలి:
అసలు ఆ మోడల్ ఏంది? పాత 3జీది అయితే అన్‌లాక్ చేసినా జియో రాదు, జియోకి 3జీనే లేదు. 4జీది అయినా కొత్త సిమ్ కంపెనీ సిగ్నల్ వాడే బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీలు) అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

ఉలవపాడు రైతు:
ఈ3372 అని ఉంది.

ఒంగోలు రిపేర్:
వాటిలో చాలావాటికి కోడ్ ఒక్కటే సరిపోదు, ముందు ఫర్మ్‌వేర్ మార్చాలి. మధ్యలో కరెంటు పోయినా, డాంగిల్ కదిలినా చచ్చిపోవచ్చు. లోపలి బోర్డు మీద పిన్ షార్ట్ చేసి కొన్నిటిని బతికించవచ్చు, అన్నిటినీ కాదు.

కావలి కుర్రోడు:
నాది అట్లాగే చచ్చింది! షాపులో యూపీఎస్ లేని కంప్యూటర్‌కి పెట్టారు, కరెంటు పోయింది. "గ్యారంటీ లేదని చెప్పాం కదా" అని చేతిలో పెట్టి, పైగా డబ్బులు కూడా తీసుకున్నారు. డిగ్రీ పరీక్షల ముందు నెట్ లేక నానా అవస్థ పడ్డాను. నువ్వూ అదే రకం. చట్టం తెలుసు, ఫైళ్ళు తెలుసు, పోతే మాత్రం నీకు సంబంధం లేదు.

ఒంగోలు రిపేర్:
నన్నెందుకు కలుపుతావు? నెట్‌లో దొరికిన కోడ్లన్నీ కొట్టేసి, ఛాన్సులన్నీ పోగొట్టి, ఆ మాట దాచి తెచ్చేవాళ్ళు నాకు రోజూ తగులుతారు. ఆ నష్టం కూడా నేనే మోయాలా?

కావలి కుర్రోడు:
ఎన్ని ఛాన్సులు మిగిలాయో పెట్టగానే చూపిస్తుంది కదా. చూసి, వద్దనుకుంటే తిప్పి పంపు. చేతిలోకి తీసుకున్నాక కరెంటు పోవడం కస్టమర్ తప్పెట్లా అవుతుంది?

ఉలవపాడు రైతు:
గొడవ పడకండయ్యా. రిపేర్ అన్నా, నాది మీ దగ్గర పోతే ఏం చేస్తారు? బిల్లు మీద రాసిస్తారా?

ఒంగోలు రిపేర్:
మిగిలిన ఛాన్సులు, ఐఎంఈఐ మీ ముందే చూసి రాసిస్తాను. ఫ్లాషింగ్, అంటే ఫర్మ్‌వేర్ ఎక్కించడం, బ్యాటరీ ఉన్న లాప్‌టాప్ మీదే చేస్తాను. చెడిపోతే కూలి తీసుకోను. డాంగిల్ ఖరీదు మాత్రం ఇవ్వలేను.

కావలి కుర్రోడు:
నేను అడిగేది ఆ ఖరీదు గురించే. కరెంటు, ఫైలు, చెయ్యి అన్నీ షాపువే అయినప్పుడు సగమైనా ఇవ్వాలి.

ఒంగోలు రిపేర్:
ఇవ్వను. సగం ఇవ్వమంటే ఈ పని ఒప్పుకోను.