వైబ్రేటర్‌ను హిస్టీరియా వైద్యం కోసమే కనిపెట్టారా? ఆ కథను ఇంకా మోయాలా?

పాత_కాగితాలు:
మళ్ళీ ఒక తెలుగు వీడియోలో అదే కథ. విక్టోరియా రాణి కాలంలో లండన్ డాక్టర్లు హిస్టీరియా (అప్పట్లో ఆడవాళ్ళ నరాల జబ్బుగా చెప్పుకున్నది) అని వచ్చిన ఆడవాళ్ళకు భావప్రాప్తి కలిగేలా చేత్తో మర్దన చేసీ చేసీ అలిసిపోయి, ఆ శ్రమ తప్పించుకోవడానికి వైబ్రేటర్ అనే అదిరే మసాజ్ పరికరాన్ని కనిపెట్టారట. ఇది నిజం కాదు. పైగా ఈ కథ వల్ల ఆడవాళ్ళకు నష్టమే ఉందని నా వాదన.

దీన్ని ప్రచారంలోకి తెచ్చింది 1999లో రేచల్ మెయిన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు రాసిన పుస్తకం. 2018లో హ్యాలీ లీబర్‌మన్, ఎరిక్ షాట్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఆ పుస్తకం చూపించిన ఆధారాలను తీసి చదివారు. డాక్టర్లు వైద్యం పేరుతో వైబ్రేటర్ వాడి ఆడవాళ్ళకు భావప్రాప్తి కలిగించేవారని చెప్పే ఆధారం వాళ్ళకు ఒక్కటీ దొరకలేదు. తాను చెప్పింది ఒక ఊహాప్రతిపాదన మాత్రమేనని మెయిన్సే అన్నారు.

అసలు కరెంటు వైబ్రేటర్‌ను 1880ల మొదట్లో తయారుచేసిన జోసెఫ్ మోర్టిమర్ గ్రాన్‌విల్ ఏం రాశాడో చూడండి. దానితో ఆడవాళ్ళకు వైద్యం చెయ్యకుండా తప్పించుకుంటూ వచ్చానని, ఇక ముందు కూడా చెయ్యనని 1883 నాటి తన పుస్తకంలో స్పష్టంగా చెప్పాడు. హిస్టీరియా లక్షణాలు తనను తప్పుదారి పట్టిస్తాయని ఆయన భయం. ఆయన వాడింది మగవాళ్ళకు, నరాల నొప్పుల లాంటివాటికి.

మంజీర:
కథ తప్పే అనుకుందామండీ. నష్టం ఏంటి? మా హాస్టల్లో అమ్మాయిలు ఈ విషయం మొదటిసారి సిగ్గుపడకుండా మాట్లాడింది అలాంటి వీడియో చూశాకే. "డాక్టర్లు వాడేవారట" అంటే వింటారు. "సుఖం కోసం" అంటే లేచి వెళ్ళిపోతారు. నా రూమ్మేట్ పార్సిల్ తెప్పించుకుంటే, వాళ్ళమ్మకు మెడనొప్పి మసాజర్ అని చెప్పాల్సి వచ్చింది. వైద్యం అనే మాట మాకు అండ. దాన్ని లాగేస్తే మిగిలేది ఏంటి?

పాత_కాగితాలు:
మంజీర గారూ, ఆ కథలో ఆడమనిషి ఎక్కడుందో చూడండి. బల్ల మీద పడుకుని ఉంటుంది. తనకేం జరుగుతోందో తనకే తెలియదు. అమ్మాయికి మూర్ఛలు వస్తుంటే "పెళ్ళి చేసెయ్యండి, అదే కుదురుతుంది" అనే పెద్దలు మనకు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకే సూటూ బూటూ తొడిగితే ఈ కథ అవుతుంది.

నిజమైన చరిత్రలో ఆడవాళ్ళు ఇంత అమాయకంగా లేరు. 1900 తర్వాత అమెరికాలో వైబ్రేటర్లను పత్రికల్లో బాహాటంగా ఇంటి సామానులా అమ్మారు. తలనొప్పికి, నడుంనొప్పికి, ముఖం మీది ముడతలకు, ఆడామగా అందరికీ. 1918 నాటి సియర్స్ అనే అమెరికా దుకాణాల కంపెనీ క్యాటలాగ్‌లో ఇంటి మోటారుకు తగిలించుకునే ఫ్యాన్ పక్కనే వైబ్రేటర్ కూడా ఉంది. సుఖం కోసమని పైకి చెప్పి అమ్మడం చాలా తర్వాతి సంగతి. డెల్ విలియమ్స్ అనే ఆవిడ న్యూయార్క్‌లో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి మసాజర్ అడిగితే, కౌంటర్‌లో కుర్రాడు నలుగురికీ వినబడేలా "మీకిది దేనికి?" అన్నాడు. ఆ అవమానం తర్వాత ఆవిడ 1974లో ఆడవాళ్ళ కోసం ఈవ్స్ గార్డెన్ అని సొంత దుకాణమే పెట్టింది. అమ్మాయిలకు చెప్పాల్సిన కథ ఇది కదా!

లెక్క_చూడు:
చరిత్ర సరే. వైబ్రేటర్ "ఆరోగ్యానికి మంచిది" అని కొందరు చెప్పేచోటే నాకు అనుమానం. అందరూ చూపించేది ఇండియానా యూనివర్సిటీ వాళ్ళు 2009లో ప్రచురించిన సర్వే. 18 నుంచి 60 ఏళ్ల అమెరికన్ మహిళలు 2,056 మందిని అడిగితే, 52.5 శాతం వైబ్రేటర్ వాడామన్నారు. వాడినవాళ్ళలో కోరిక, భావప్రాప్తి మెరుగ్గా ఉన్నాయి. 71.5 శాతం మంది ఏ ఇబ్బందీ రాలేదన్నారు. కానీ దానికి డబ్బిచ్చింది ట్రోజన్ కండోమ్‌ల కంపెనీ, చర్చ్ అండ్ డ్వైట్. పైగా వాడటం వల్ల బాగున్నారా, బాగున్నవాళ్ళే వాడుతున్నారా అన్నది ఆ సర్వేతో తేలదు.

ఫిజియో_అక్క:
తమ్ముడూ, నీ ప్రశ్న న్యాయమైనదే. నేను కటి కండరాల ఫిజియోథెరపీ చేస్తాను. దీనితో అన్నీ తగ్గుతాయని ఎవరికీ చెప్పను. నేను చూసింది చెబుతాను. మెనోపాజ్ తర్వాత పొడిబారి కలయికంటేనే వణికేవాళ్ళు, కాన్పు తర్వాత స్పర్శ తెలియడం లేదనేవాళ్ళు వస్తారు. వైబ్రేషన్ వల్ల అక్కడ రక్తప్రసరణ పెరుగుతుంది, బిగుసుకున్న కండరం కొంత సడలుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తన ఒంటికి ఏది హాయిగా ఉంటుందో, ఏది నొప్పిగా ఉంటుందో ఆమెకు తెలుస్తుంది. పెళ్ళయి పిల్లలు కాలేజీకి వచ్చినా అది తెలియనివాళ్ళు ఎంతమందో! ఆడవాళ్ళ సుఖానికి కీలకమైన అవయవం క్లిటోరిస్‌లో ఎక్కువ భాగం లోపలే ఉంటుందని ఆస్ట్రేలియా డాక్టర్ హెలెన్ ఓకానెల్ 1998లో వివరంగా చూపించేదాకా చాలా వైద్య పుస్తకాల్లోనే ఆ బొమ్మ సరిగా లేదు.

నొప్పి, రక్తస్రావం ఉంటే మాత్రం ముందు గైనకాలజిస్ట్‌కు చూపించుకోండి. కొనేటప్పుడు మెడికల్ గ్రేడ్ సిలికాన్‌దా కాదా చూడండి. దానికి నీటితో చేసిన లూబ్రికెంటే (జారుడు కోసం రాసే జెల్) వాడాలి, సిలికాన్ లూబ్రికెంట్ పడితే పైపొర పాడవ్వచ్చు. వాడాక సబ్బుతో కడిగి ఆరబెట్టండి.

మంజీర:
అక్కా, థాంక్స్. కానీ నా మాట నేను వదలను. 2024లో బాంబే హైకోర్టు కేసు చూడండి. సెక్స్ టాయ్స్‌గా వాడొచ్చు కదా అని కస్టమ్స్ వాళ్ళు బాడీ మసాజర్లను పట్టుకుంటే, అది అధికారి ఊహ తప్ప మరేమీ కాదని కోర్టు వదిలేయించింది. అక్కడ గట్టెక్కించింది మసాజర్ అన్న పేరే.

పాత_కాగితాలు:
2011లో కలకత్తా హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. లైంగిక కోరికను కలిగిస్తుందన్నంత మాత్రాన ఒక వస్తువు అశ్లీలం అయిపోదని చెప్పింది. అక్కడ మెడనొప్పి సాకు అవసరం పడలేదు.

మంజీర:
కోర్టుకు అవసరం పడలేదు, ఒప్పుకుంటా. నా రూమ్మేట్ వాళ్ళమ్మకు ఏం చెప్పాలి?

ఫిజియో_అక్క:
ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, తన జీతంతో కొనుక్కుంది. అమ్మకు లెక్క చెప్పాల్సిన పనేముందమ్మా? ఆ అమ్మకు యాభై దాటి ఉంటే, ఆవిడకే ఏదో ఒక రోజు నా దగ్గరికి రావాల్సిన అవసరం ఉండొచ్చు. అడిగితే నిజమే చెప్పమను.