బ్రౌన్ అన్న ఇంటిపేరుతో కార్డులు రాయడం ఎలా?

ప్రశ్న: నమస్కారమండీ. మా ఊరి గ్రంథాలయానికి రచయితల పేర్లతో అకారాది కార్డులు రాస్తున్నాను. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొరగారి కార్డు ‘చ’లో ఒకటి, ‘స’లో ఒకటి, ‘బ’లో ఒకటి కనిపించాయి. వీటిలో ఏది ఉంచాలి? నీటిలో సూక్ష్మకణాల కదలికను 1827లో గమనించిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ ఆయనకు బంధువా అని ఒక పాఠకురాలు అడిగారు. ఆమెకు ఏమని చెప్పాలి?

సమాధానం: మనకు కందుకూరి వీరేశలింగం అన్నప్పుడు ఇంటిపేరు ముందే వస్తుంది కనుక చిక్కు లేదు. ఇంగ్లీషువారికి అది చివర వస్తుంది కాబట్టి, దానిని ముందుకు తెచ్చి ‘బ్రౌన్, చార్లెస్ ఫిలిప్ (1798–1884)’ అని రాసి ‘బ’లో ఉంచండి. ‘చ’, ‘స’లలోని కార్డులను పారవేయకుండా, వాటిపై ‘చూ. బ్రౌన్, చార్లెస్ ఫిలిప్’ అని మాత్రం రాయండి, ‘సి.పి. బ్రౌన్’ అనే వెతికేవారే మన దగ్గర ఎక్కువ.

ఇక బంధుత్వం మాట. మన ఇంటిపేర్లలో చాలా వాటికి ఒక ఊరు మూలం కనుక, ఇంటిపేరు కలిస్తే వెంటనే గోత్రం అడుగుతాం. బ్రౌన్ అలాంటిది కాదు. గోధుమరంగు జుట్టునో, మేనిఛాయనో, దుస్తులనో బట్టి పిలిచిన పిలుపు, వేర్వేరు ఊళ్లలో వేర్వేరు కుటుంబాలకు విడివిడిగా ఇంటిపేరుగా నిలిచింది. మన బ్రౌన్ కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్, యార్క్‌షైర్ నుంచి వచ్చిన క్రైస్తవ మతాచార్యుడు. రాబర్ట్ స్కాట్లాండ్‌లోని మాంట్రోజ్‌లో 1773లో పుట్టారు. ఆయన తండ్రి జేమ్స్. ఇంటిపేరు ఒక్కటే ఆధారంగా వీరిని చుట్టాలను చేయవద్దని ఆమెకు చెప్పండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. సంవత్సరాలు తప్పనిసరిగా రాయాలా? కార్డులో చోటు తక్కువ.

సమాధానం: తప్పనిసరేనండీ, అక్షరాలు చిన్నవి చేసైనా రాయండి. స్కాట్లాండ్‌కే చెందిన మరో రాబర్ట్ బ్రౌన్ (1842–1895) కూడా వృక్షశాస్త్రజ్ఞుడే. సంవత్సరాలు లేకపోతే ఇద్దరి పుస్తకాలూ ఒకే కార్డులో కలిసిపోతాయి.